మూడు చక్రముల మోటారు సైకిలు - కారు టైరు

కెనడా దేశమున క్విబెక్ రాష్ట్రమునందు వాల్కోర్ట్ అను చిన్న పట్టణము కలదు. మంచుపై జారుచు పోవు మోటారు బండ్లకు పేరువడసిన ఊరది. అక్కడి బి.ఆర్.పి. అను సంస్థవారు 2007వ సంవత్సరమున ‘కెన్ ఆమ్ స్పైడర్’ అను పేరుతో ఒక వింత వాహనమును వెలువరించిరి. దానికి ముందు రెండు చక్రములు, వెనుక ఒక చక్రము. నడుపువాడు మోటారు సైకిలుపై వలెనే ఇటొక కాలు, అటొక కాలు వేసి కూర్చుండును. చేతులతో హేండిలు త్రిప్పును. కాని దాని చక్రములను చూచినవారికి మాత్రము అవి చిన్న కారు చక్రములవలె కనబడును.

ఈ బండిని కొన్నవారికి కొంతకాలము తిరిగిన పిమ్మట ఒక ప్రశ్న ఎదురగుచున్నది. వెనుక టైరు నడుమ భాగమున అరిగిపోవును. తయారుచేసినవారు చెప్పిన టైరునే మరల కొనవలెనా? అదే కొలతలో దొరకు కారు టైరును వేసికొనరాదా? కారు టైరు దిట్టమైనది. ఎక్కువ కాలము మన్నును. వేసికొని సుఖముగా తిరుగుచున్నామనువారు అనేకులు కలరు. అది ప్రాణములతో చెలగాటమని తల త్రిప్పు దుకాణదారులును కలరు. ఇరువురిలో ఎవరి మాట నిజము? దీనికి సమాధానము చెప్పుటకు ముందు, అసలు టైరునకు ఆ ఆకారము ఎందుకు వచ్చినదో తెలిసికొనవలెను.

రెండు చక్రముల బండి మలుపు తిరుగునప్పుడు ఒరుగును. సైకిలు త్రొక్కిన ప్రతి బాలునకును ఇది తెలిసిన సంగతియే. ఒరగకున్నచో వెలుపలికి నెట్టు బలము బండిని పడద్రోయును. ఆ ఒరుగు ఎంతయో లెక్క కట్టవచ్చును. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 10 మీటర్ల చొప్పున, 20 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో పోవు మోటారు సైకిలు సుమారు 27 డిగ్రీలు ఒరుగవలెను. అంతగా ఒరిగినను టైరు నేలను వీడరాదు. అందుచేతనే మోటారు సైకిలు టైరును అడ్డముగా కోసి చూచినచో దాని ముఖము సొరకాయ డిప్పవలె గుండ్రముగా నుండును. నిటారుగా పోవునప్పుడు నడిమి భాగము నేలను తాకును. ఒరిగినప్పుడు ప్రక్క భాగము తాకును. ఏ కోణమున నైనను నేలను అంటియుండునది కొంత భాగమే, కాని ఆ కొంత భాగము ఎల్లప్పుడును ఉండును.

మూడు చక్రముల బండి సంగతి వేరు. దాని చట్రము మూడు చోట్ల నేలపై ఆనియుండును గనుక అది ఒరగజాలదు. మలుపులో నిటారుగనే నిలువవలెను. అప్పుడు బండిని త్రిప్పు బలము ఎక్కడినుండి వచ్చును? టైరు మెలి తిరుగుటనుండి వచ్చును. చక్రము చూచు దిక్కునకును, బండి నిజముగా పోవు దిక్కునకును నడుమ కొలది డిగ్రీల తేడా ఏర్పడును. ఆ తేడావలన రబ్బరు ప్రక్కకు సాగి, మరల తన స్థానమునకు రాబోవుచు, బండిని మలుపు లోపలికి లాగును. కారు తిరుగునదియు ఈ విధముననే. కావున కారు టైరు ముఖము బల్లపరుపుగా నుండును. దాని ప్రక్కలు ఈ లాగుడును ఓర్చుకొనునట్లు బిగువుగా నిర్మింపబడియుండును.

ఈ తేడాను మొదట గుర్తించినవారు సైడ్‌కారు బండ్లవారు. మన దేశమునందు ఎడమ ప్రక్క తొట్టి తగిలించిన మోటారు సైకిళ్లపై భార్యాబిడ్డలతో కూడ వెళ్లువారు ఒకప్పుడు కనబడుచుండెడివారు. తొట్టి తగిలించిన మరుక్షణము ఆ మోటారు సైకిలు ఒరుగుట మానివేయును. గుండ్రని టైరులో నడిమి భాగము మాత్రమే రోజంతయు నేలను రాచుకొనుచు పోవును. ఫలితముగా కొద్దికాలములోనే దాని నడుమ బద్దవలె చదునై, ప్రక్కలు మాత్రము క్రొత్తవిగనే మిగిలియుండును. ప్రక్కలనున్న ఆ రబ్బరుకంతయు యజమాని పైకము చెల్లించినాడు; కాని అది అతనికి ఒక్కనాడును అక్కరకు రాలేదు.

ఐరోపాలోని సైడ్‌కారు నిర్మాతలు దీనికి ఒక చక్కని ఉపాయము కనుగొనిరి. వారు మోటారు సైకిలు చక్రములను తీసివేసి, 15 అంగుళముల చిన్న కారు చక్రములను అమర్చిరి. 1948 మొదలు 1990 వరకు తయారైన ఫ్రాన్సు దేశపు ‘సిట్రోయెన్ 2 సి.వి.’ అను తేలిక కారుకు 125 మిల్లీమీటర్లు, 135 మిల్లీమీటర్లు వెడల్పు గల సన్నని టైరులుండెడివి. ఆ కారు బరువే ఆరువందల కిలోలకు మించదు. కాబట్టి దాని టైరు మెత్తనిది. తక్కువ బరువు మోయుటకు అలవాటు పడినది. సైడ్‌కారు బండికి ఇంతకంటె పొందికయైన టైరు దొరకుట కష్టము. అదే విధముగా 1970 ప్రాంతములనుండి వోక్స్‌వాగన్ బీటిల్ కారు ఇంజనును, వెనుక ఇరుసును తెచ్చి, ముందు మోటారు సైకిలు ఫోర్కును తగిలించి మూడు చక్రముల బండ్లు చేసినవారు కూడ వెనుక కారు టైరులనే వాడిరి.

ఇంతవరకు విన్నవారికి సంగతి తేలినట్లే తోచును. ఒరుగని బండికి బల్లపరుపు టైరు తగును, అంతే గదా అని. కాని పట్టుట వేరు, పనికివచ్చుట వేరు. ఈ రెంటికి నడుమనే ప్రమాదమున్నది.

మొట్టమొదట చెప్పవలసినది, మూడు చక్రములున్నంత మాత్రమున ప్రతి బండియు ఒరుగనిది కాదు. ఇటలీ దేశపు పియాజియో వారు 2006లో వెలువరించిన ఎం.పి.3 స్కూటరునకును, 2018లో విపణికి వచ్చిన జపాను దేశపు యమహా నికెన్‌కును ముందు రెండు చక్రములు కలవు. అయినను ఆ చక్రములు కీలుల అమరికవలన బండితో పాటు ఒరుగును. వానికి గుండ్రని టైరే వలయును. రెండు చక్రముల మోటారు సైకిలునకు కారు టైరు వేయు సాహసికులు కూడ కొందరు విదేశములలో కలరు. ఒరిగినప్పుడు ఆ బండి చదునైన టైరు అంచుపై నిలువవలసి వచ్చును. ఆ పని ఎవరును చేయరాదని మా అభిప్రాయము.

రెండవది బరువు. టైరు ప్రక్కన కొలతల తరువాత ఒక సంఖ్యయు, ఒక అక్షరమును ముద్రించియుండును. ఆ సంఖ్య మోయగల బరువునకు గుర్తు. అక్షరము తట్టుకొనగల వేగమునకు గుర్తు. స్పైడర్ బండి వెనుక టైరు కొలత 225/50 ఆర్ 15. దాని సంఖ్య 76, అక్షరము హెచ్. అనగా 400 కిలోల బరువు మోయును, గంటకు 210 కిలోమీటర్ల వేగమునకు తట్టుకొనును. అదే కొలతలో కారునకు తయారైన టైరు సంఖ్య 91 ఉండవచ్చును. అది 615 కిలోలు మోయగలదు. ముందు చక్రమునకు వేయు 165/55 ఆర్ 15 టైరులో కూడ ఇట్టి తేడాయే కలదు. బండితో వచ్చునది 55వ సంఖ్య, అనగా 218 కిలోలది. కారుది 75వ సంఖ్య, అనగా 387 కిలోలది. స్పైడర్‌తో వచ్చు టైరు చూపునకు కారు టైరువలె చదునుగా నున్నను, లోపలి నిర్మాణమున దానికంటె చాల తేలికయైనదని ఈ అంకెలే చెప్పుచున్నవి. కారు టైరు ఎక్కువ కాలము మన్నుటకు ఇది యొక కారణము. బరువు మోయుటలో ఎక్కువ శక్తి గల టైరు వేయుటవలన నష్టము లేదు. తక్కువ శక్తి గలదానిని మాత్రము ఎన్నడును వేయరాదు.

మరి ఎక్కువ శక్తి గల టైరుతో చిక్కు ఎక్కడ వచ్చును? గాలి ఒత్తిడియందు వచ్చును. ఇది కొంచెము లెక్కతో కూడిన విషయము. టైరులోని గాలియే బరువును మోయును గనుక, మోయు బరువును గాలి ఒత్తిడిచే భాగించినచో టైరు నేలను తాకు వైశాల్యము స్థూలముగా వచ్చును. ఒక కారు చక్రముపై 400 కిలోల బరువు పడుచున్నదనియు, అందు చదరపు అంగుళమునకు 32 పౌనుల గాలి ఉన్నదనియు అనుకొందము. అప్పుడది నేలను సుమారు 178 చదరపు సెంటీమీటర్ల మేర తాకును. ఆ టైరునే తెచ్చి, 240 కిలోలు మాత్రమే పడు మూడు చక్రముల బండికి వేసి, అంతే గాలి కొట్టినచో, తాకు వైశాల్యము 107 చదరపు సెంటీమీటర్లకు దిగిపోవును. టైరు నడుమ పొట్టవలె ఉబ్బి, అక్కడ మాత్రమే అరుగును. ఏ అరుగుదలను తప్పించుకొనుటకు కారు టైరు వేసితిమో ఆ అరుగుదలయే మరల వచ్చును. బ్రేకు వేసినప్పుడు పట్టు కూడ తగ్గును. అదే టైరులో గాలిని 20 పౌనులకు తగ్గించినచో, తాకు వైశాల్యము 170 చదరపు సెంటీమీటర్లకు పెరిగి, కారులో నున్నప్పటి స్థితికి చేరువ అగును. టైరు ప్రక్కల బిగువును ఈ లెక్కలో చేర్చలేదు గనుక దీనిని ఉరమర లెక్కగా మాత్రమే గ్రహింపవలెను.

ఈ కారణముచేతనే స్పైడర్ బండిపై కారు టైరులు వేసికొన్న అనుభవజ్ఞులు వెనుక టైరులో, తయారీదారు తన టైరునకు చెప్పిన 28 పౌనులకంటె చాల తక్కువ గాలిని ఉంచుచున్నారు. ముందు టైరులకు తయారీదారు చెప్పినదే 15 పౌనుల ప్రాంతము. కారు గాలికి అలవాటుపడిన పంపువాడు ఈ మాట వినిన నవ్వును. అలవాటు చొప్పున 32 పౌనులు కొట్టి పంపును. యజమాని తన సొంత గాలిమాపకమును దగ్గర నుంచుకొని, చల్లగా నున్నప్పుడే చూచుకొనుట మేలు.

సరియైన ఒత్తిడిని కనుగొనుటకు సుద్దముక్క చాలును. టైరు ముఖమునకు అడ్డముగా, ఈ అంచునుండి ఆ అంచు వరకు దట్టముగా సుద్దగీత గీయవలెను. సమమైన పొడిరోడ్డుపై తిన్నగా కొంతదూరము నడిపి దిగి చూడవలెను. గీత నడుమ చెరిగి అంచులలో మిగిలినచో గాలి ఎక్కువ. అంచులలో చెరిగి నడుమ మిగిలినచో గాలి తక్కువ. అంతట సమముగా చెరిగినచో సరిపోయినది. దీనికి తోడు మరియొక పరీక్ష కలదు. బయలుదేరుటకు ముందును, అరగంట ప్రయాణము తరువాతను గాలి చూడవలెను. వేడివలన రెండు మూడు పౌనులు పెరుగుట సహజము. అంతకు చాల మించి పెరిగినచో టైరు లోలోపల అతిగా నలిగి కాగుచున్నదని గుర్తు. గాలి చాలదని అర్థము.

గాలి తగ్గించుటకు హద్దు ఉండవలెనని వర్షము కూడ చెప్పుచున్నది. తడిరోడ్డుపై వేగముగా పోవు టైరు ముందు నీరు మేటవేసి, చివరకు టైరును నేలనుండి ఎత్తివేయును. అప్పుడు హేండిలు త్రిప్పినను, బ్రేకు నొక్కినను ప్రయోజనముండదు. 1963లో అమెరికాలోని నాసా సంస్థకు చెందిన హోర్న్, డ్రెహర్ అను పరిశోధకులు విమానపు టైరులను పరీక్షించి, ఈ తేలిపోవు వేగము గాలి ఒత్తిడి యొక్క వర్గమూలమును బట్టి మారునని చూపిరి. వారి సూత్రము ప్రకారము 36 పౌనుల గాలి గల టైరు గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగమున తేలును. 16 పౌనులు గలది సుమారు 67 కిలోమీటర్లకే తేలును. గాడులు లోతుగా నున్న కారు టైరు నీటిని ప్రక్కలకు తోసివేయును గనుక ఈ అంకెలు దానికి యథాతథముగా వర్తింపవు. అయినను దిక్కు మాత్రము స్పష్టము. తేలికబండి, వెడల్పు టైరు, తక్కువ గాలి, ఈ మూడును కూడినచోట వానలో వేగము తగ్గించుట ప్రాణరక్షణ. క్రొత్త కారు టైరులో గాడుల లోతు సుమారు 8 మిల్లీమీటర్లుండును. అవి అరిగిన టైరుతో వానకాలములోనికి అడుగిడరాదు.

ఇక చక్రమునకును టైరునకును గల పొత్తు. టైరు లోపలి అంచును బీడు అందురు. ఉక్కుతీగెలు చుట్టిన ఆ అంచు రిమ్ముపై చెక్కుచెదరకుండ కూర్చుండవలెను. కారు రిమ్ము అంచు రూపము వేరు, మోటారు సైకిలు రిమ్ము అంచు రూపము వేరు. అంగుళముల సంఖ్య ఒకటైనంత మాత్రమున రెండును ఒకటి కావు. కారు రిమ్ముపై సామాన్యముగా ‘జె’ అను అక్షరమును, మోటారు సైకిలు రిమ్ముపై ‘ఎం.టి.’ అను అక్షరములును ఉండును. ఎం.టి. రిమ్ముపై కారు టైరును బలవంతముగా కూర్చుండబెట్టుటకు అతిగా గాలి కొట్టుట మిక్కిలి అపాయకరము. అంచు తెగి ప్రేలినచో దగ్గరనున్నవాని చేయి పోవచ్చును. కూర్చున్న పిమ్మట కూడ, తక్కువ గాలితో బిగువైన మలుపు తిరుగునప్పుడు బీడు రిమ్మునుండి జారవచ్చును. కావుననే సైడ్‌కారు నిర్మాతలు టైరును మాత్రమే గాక చక్రమునే మార్చిరి.

టైరు ఎత్తు కూడ మారరాదు. 225/50 ఆర్ 15 టైరు మొత్తము వ్యాసము 606 మిల్లీమీటర్లు. దానికి బదులు 215/60 ఆర్ 15 వేసినచో వ్యాసము 639 మిల్లీమీటర్లగును. అనగా నూటికి అయిదు పాళ్లకు పైగా ఎక్కువ. వెనుక చక్రము తిరుగుడునుబట్టి వేగము చూపు యంత్రము 100 అని చూపునప్పుడు బండి నిజముగా 105 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. స్పైడర్‌వంటి బండిలో ఇంతకంటె పెద్ద చిక్కు కలదు. దానిలో బోల్తాపడకుండ కాపాడు ఎలెక్ట్రానిక్ యంత్రాంగమున్నది. మూడు చక్రములు ఏ వేగముతో తిరుగుచున్నవో, హేండిలు ఎంత తిరిగినదో, బండి ఎటు మళ్లుచున్నదో అది అనుక్షణము పోల్చి చూచి, అవసరమైనచో ఒక్కొక్క చక్రమునకు బ్రేకు వేయును. ఇంజను బలమును తగ్గించును. టైరు చుట్టుకొలత మారినచో ఆ పోలికయే తప్పును. ముందు చక్రములు రెంటికిని ఒకే జాతి టైరులను ఒకేసారి మార్చవలెననుటకు కారణమిదియే.

బోల్తాపడుట అంటిమి. దీనిని గూర్చి ఒక మాట. పట్టు ఎక్కువైన టైరు ఎల్లప్పుడును క్షేమమని అనుకొనుట పొరపాటు. మూడు చక్రముల బండి మలుపులో వేగము మీరినప్పుడు రెండిటిలో ఒకటి జరుగును: టైరు జారును, లేదా లోపలివైపు చక్రము లేచును. అరిగిన టైరు ముందుగా జారి, హెచ్చరిక చేయును. పట్టు గల టైరు జారదు. చక్రమునే పైకి లేపును. మన దేశపు సైడ్‌కారు బండి ఎడమకు వేగముగా తిరిగినప్పుడు ఖాళీ తొట్టి గాలిలోనికి లేచుట ఈ కారణముననే. కావున క్రొత్తగా కారు టైరులు వేసిన బండిని మొదటి కొన్నాళ్లు, అది తనకు తెలియని బండి యనుకొని నడుపవలెను.

సైడ్‌కారు గలవారు మరియొక సవరింపు చేసికొనవలెను. రోడ్డు వాలును సరిపెట్టుటకై మోటారు సైకిలును తొట్టినుండి కొంచెము వెలుపలికి వాల్చి బిగించు ఆచారము కలదు. గుండ్రని టైరు దీనిని సహించును. చదునైన కారు టైరు వాలినచో ఒక అంచుపై నడచి, అక్కడనే అరిగిపోవును. అందుచేత ఆ వాలును మిక్కిలి తగ్గింపవలెను. ముందు చక్రమునకు కూడ కారు టైరు వేయునప్పుడు హేండిలు బరువెక్కును గనుక, దానికి తగిన ఫోర్కు వలయును. ఇవి ఇంటివద్ద చేయు పనులు కావు.

చట్టమేమి చెప్పుచున్నది? జర్మనీ దేశమున టైరు జాతిని మార్చినవారు పరీక్షకులకు చూపి, బండి కాగితములలో వ్రాయించుకొనవలెను. ఆ విధముగా కారు టైరులతో అనుమతి పొందిన సైడ్‌కారు బండ్లు అక్కడ నిశ్చింతగా తిరుగుచున్నవి. స్పైడర్ తయారీదారు మాత్రము తాను సిఫారసు చేసిన టైరులనే వాడుమని చెప్పుచున్నాడు. మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్టరు కాగితములోని వివరములు తయారీదారు చెప్పినదానికి భిన్నముగా నుండునట్లు బండిని మార్చరాదని నిషేధించుచున్నది. మార్పు తలపెట్టినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయమునందును, భీమా సంస్థయందును విచారించి, జవాబును కాగితముపై తీసికొనుట శ్రేయస్కరము. ప్రమాదము జరిగిన తరువాత అడుగుటలో ప్రయోజనము లేదు.

మన ఇండ్ల ముందు స్పైడర్ బండ్లు ఉండకపోవచ్చును. కాని మూడు చక్రములు మనకు క్రొత్త కావు. ఇటలీలో 1946లో పుట్టిన వెస్పా స్కూటరునుండి 1948లో ‘ఆపే’ అను మూడు చక్రముల బండి పుట్టినది. ఆ వంశమునకు చెందినదే మన ఆటో. దానికి వాడు 4.00-8 కొలత టైరు స్కూటరు టైరునకు దాయాది. స్కూటరునకు తగినదియు, ఆటోకు తగినదియు ఒకే కొలతలో దొరకవచ్చును. మోయు బరువులో మాత్రము తేడా యుండును. పిల్లలను బడికి తీసికొనిపోవు ఆటోకు స్కూటరు టైరు పట్టును, కాని పనికిరాదు. కెనడా బండికి చెప్పిన సూత్రమే ఇక్కడను వర్తించును.

కావున టైరు కొనబోవు గృహస్థుడు, అది కారుదైనను, ఆటోదైనను, స్కూటరుదైనను, దుకాణములో ధర అడుగుటకు ముందు ఒక్క నిమిషము వంగి టైరు ప్రక్కభాగమును చదువవలెను. కొలత చూడవలెను, బరువు సంఖ్యను చూడవలెను, వేగపు అక్షరమును చూడవలెను. నాలుగు అంకెల తేదీని కూడ చూడవలెను. 3523 అని యున్నచో 2023వ సంవత్సరపు 35వ వారమున తయారైనదని అర్థము. మూడు చక్రముల మోటారు సైకిలునకు కారు టైరు వేయవచ్చునా అను ప్రశ్నకు మా సమాధానమిది: బండి ఒరుగనిదై, రిమ్ము తగినదై, ఎత్తు మారనిదై, గాలి బరువునకు సరిపడినదై, చట్టము అనుమతించినచో వేయవచ్చును. వీనిలో ఏ ఒక్కటి లోపించినను, తయారీదారు చెప్పిన టైరునకు మరికొంత పైకము చెల్లించుటయే మేలు. వేగముగా పోవు బండిని నేలతో కలిపియుంచునవి అరచేతులంత మూడు రబ్బరు ముక్కలు మాత్రమే.